మధ్యాహ్నానికి ఒక గది

గుంటూరు మిర్చి యార్డుతో జీవనం ముడిపడిన కుటుంబాలకు తీరిక పంటను బట్టి వస్తుంది. కొత్త కాయ రావడం మొదలైన నాటి నుంచి ఏప్రిల్ దాటేవరకు కమీషను కొట్లలో ఎవరికీ ఊపిరి సలపదు. తెల్లవారకముందే టిక్కీలు దిగుతాయి. పగలంతా బేరాలు, కాటాలు. రాత్రి పొద్దుపోయేదాకా లెక్కలు. మే నెలలో ఎండలు ముదిరాక యార్డుకు సుమారు నెల రోజులు వేసవి సెలవులిస్తారు. పిల్లల బడులకూ అప్పుడే సెలవులు. అందువల్ల మావంటి ఇళ్లలో "అబ్బా, ఎక్కడికైనా వెళ్దాం" అనే పిల్లల కోరిక, రెంటచింతల ఎండలు పత్రికల మొదటి పేజీకి ఎక్కే రోజుల్లోనే వినిపిస్తుంది.

నేను ఒక కమీషను కొట్టులో గుమాస్తాను. మా ఇల్లు ఆనందపేటలో. మా పెద్దమ్మాయికి ఐదేళ్లు నిండి, చంటివాడికి ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు మేము రామోజీ ఫిల్మ్ సిటీ చూడటానికి బయలుదేరాం. ఆ ప్రయాణంలో బస విషయమై నేను చేసిన పొరపాటును, తరువాత దానిని దిద్దుకున్న తీరును ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. ఇంత చిన్న విషయానికి వ్యాసమెందుకని కొందరికి అనిపించవచ్చు. ఇంటి పెద్ద తన ఆలుబిడ్డల క్షేమానికి బాధ్యుడు. ఆ బాధ్యత గడప దాటగానే తీరిపోదు. ప్రయాణంలో మరింత పెరుగుతుంది. ఈ సంగతి నాకు ఒక రాత్రి ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నప్పుడు గాని తెలిసిరాలేదు.

మొదటి ప్రయాణం

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో ప్రారంభమైంది. హైదరాబాదుకు తూర్పున, విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన, అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉంది. 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోకెల్లా పెద్ద చలనచిత్ర నిర్మాణ సముదాయంగా గిన్నిస్ రికార్డులకెక్కింది. సినిమాల పట్ల ఆసక్తి లేని కుటుంబాలు సైతం పిల్లల కోసం అక్కడికి వెళ్తుంటాయి. విశాలమైన తోటలు, పక్షుల ఉద్యానం, సీతాకోకచిలుకల వనం, ఫండుస్తాన్ అనే పిల్లల ఆటస్థలం, సందర్శకులను తిప్పే ఎర్రని బస్సులు ఐదేళ్ల పాపకు ఒక లోకమే. మా అమ్మాయి తన స్నేహితురాలి నోట ఆ పేరు విన్నది మొదలు రోజూ అదే ధ్యాసలో ఉండేది.

బస ఏర్పాట్లు నేనే చేశాను. ఎవరినీ అడగలేదు. ఉదయం పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నల్గొండ మీదుగా సికింద్రాబాదు చేరుకుంటాం. స్టేషనుకు నడక దూరంలో ఒక లాడ్జిలో మూడు రాత్రులకు గది తీసుకున్నాను. అద్దె తక్కువ. కింద హోటలు ఉంది. మసీదు వీధి చివరనే ఉంది. "రాత్రి పడుకోవడానికే కదా గది! పగలంతా బయటే ఉంటాం. దానికి ఎక్కువ డబ్బు పోయడం దుబారా" అని నా భార్యతో అన్నాను. ఆ మాట అప్పుడు నాకు ఎంతో వివేకవంతంగా తోచింది. దుబారాను మన ధర్మం నిషేధించింది కదా అని మనసులో సమాధానం కూడా చెప్పుకున్నాను.

సికింద్రాబాదు నుంచి ఫిల్మ్ సిటీ దాదాపు నలభై కిలోమీటర్లు. ఎల్.బి.నగర్, హయత్‌నగర్ రద్దీని దాటుకొని వెళ్లాలి. మరునాడు ఉదయం ఏడున్నరకు అద్దె కారులో బయలుదేరి తొమ్మిదిన్నర తరువాత చేరాం. పదకొండు దాకా అంతా బాగానే ఉంది. అమ్మాయి చూసినదాన్నల్లా వేలెత్తి చూపుతూ గంతులు వేసింది. ఆపై ఎండ నెత్తికెక్కింది. ఇంట్లో పదకొండున్నరకల్లా చీర ఉయ్యాలలో నిద్రపోయే చంటివాడు తల్లి భుజం మీద గింజుకోసాగాడు. చుట్టూ సందడి, కొత్త ముఖాలు, సంగీతం. పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి తల తిప్పేసుకున్నాడు. పరదాలో ఉన్న ఆమె చెమటతో తడిసిపోయింది.

"గదికి వెళ్లిపోదామా?" అని నా భార్య అడిగింది. నేను లెక్క వేశాను. వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. నలుగురం వచ్చిన ఖర్చు, టికెట్ల డబ్బు వృథా. "సాయంత్రం దాకా ఓర్చుకో. నీడన కూర్చో. నేను పాపను తిప్పుకొస్తాను" అన్నాను. ఆమె మారు పలకలేదు. ఆ రోజు ఆమె చూసినది ఒక చెట్టు నీడను, ఏడ్చే బిడ్డ ముఖాన్ని మాత్రమే.

సాయంత్రం కారెక్కేటప్పుడు ఆమె నెమ్మదిగా, "వాడు మధ్యాహ్నం నుంచి ఒక్కసారి కూడా గుడ్డ తడపలేదండీ" అంది. అప్పుడు చూశాను. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఏడుస్తున్నాడు గాని కంట నీరు లేదు. నడినెత్తి మీద మెత్తని భాగం లోపలికి పోయినట్టుంది. ఆ రాత్రి నగరంలోని ఒక పిల్లల ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. ఎండకు ఒంట్లో నీరు తగ్గిందని, దానికి తోడు పాలు సరిగా పడలేదని, పసిపిల్లల్లో ఇది గంటల్లోనే ముదురుతుందని వైద్యుడు చెప్పారు. అల్లాహ్ దయవల్ల తెల్లవారేసరికి వాడు తేరుకున్నాడు. మిగిలిన రెండు రోజులూ గదిలోనే గడిచాయి. అమ్మాయి కిటికీలోంచి ఆటోలను లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

తిరుగు రైలులో నా భార్య కోపంగా ఏమీ అనలేదు. నల్గొండ దాటాక, నిద్రపోతున్న బిడ్డను సవరిస్తూ ఒక్క మాట అంది: "మీరు రాత్రికి గది తీసుకున్నారు. నాకు కావలసింది మధ్యాహ్నానికి గది."

ఆమె లెక్క

ఇంటికి చేరాక ఆ మాటను గురించి చాలా రోజులు ఆలోచించాను. పసిబిడ్డ ఉన్న ఇంట్లో పగటి కాలక్రమాన్ని నేను ఎన్నడూ గమనించలేదు. యార్డు నుంచి రాత్రి వచ్చేవాడిని. మధ్యాహ్నం ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలియదు. సెలవుల్లో శ్రద్ధగా చూస్తే ఈ విషయాలు బోధపడ్డాయి.

ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డ ఉదయం ఒక కునుకు, మధ్యాహ్నం ఒక నిద్ర తీస్తాడు. రెండిటినీ పోగొట్టుకుంటే సాయంత్రానికి పాలు కూడా తాగలేనంతగా అలసిపోతాడు. ఆరు నెలలు నిండాక ఉగ్గు, రాగి జావ, మెత్తని పప్పన్నం మొదలవుతాయి గనుక వాటిని వండటానికో, కనీసం వేడి చేయడానికో వసతి కావాలి. పాలిచ్చే తల్లికి చాటు కావాలి, దాహానికి సరిపడా నీళ్లు కావాలి, వీపు ఆనించుకునే చోటు కావాలి. జుహ్ర్ నమాజు వేళ అప్పుడే. ఎండ తీవ్రంగా ఉండేది పన్నెండు నుంచి నాలుగు వరకు. ఐదేళ్ల పిల్ల కాళ్లు నొప్పులని మారాం చేసేది కూడా ఆ సమయంలోనే. ఇన్ని అవసరాలు రోజులో ఒకే పూట వచ్చి పడుతున్నాయి. వినోద ఉద్యానాల వేళలు మాత్రం ఉదయం తొమ్మిది మొదలు సాయంత్రం వరకు ఏకబిగిన తిరగగలిగే పెద్దల కాళ్లకు తగినట్టు ఉంటాయి.

అందుచేత చంటిబిడ్డతో వెళ్లేవారు బసను ఎంచుకునేటప్పుడు మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: మధ్యాహ్నం పన్నెండింటికి బిడ్డకు నిద్ర ముంచుకొస్తే ఎంతసేపట్లో పడక మీద ఉంటాడు? అరగంటలోపు అయితే ఆ బస మీకు తగినది. గంట దాటితే అది ఎంత చవకైనా, ఎంత అందమైనదైనా మీరు పగటి పూట దాన్ని వాడుకోలేరు.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 233వ ఆయతు తల్లులు పాలిచ్చే కాలాన్ని గురించి చెబుతుంది. రెండేళ్ల గడువు సంగతి మనందరికీ తెలిసినదే. బిడ్డకు పాలు మాన్పించాలనుకుంటే తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపులతో నిర్ణయించుకోవచ్చునన్న అనుమతి కూడా ఆ ఆయతులోనే ఉంది. నేను దాన్ని ఎన్నోసార్లు చదివాను గాని అంతగా పట్టించుకోలేదు. బిడ్డ పాల విషయంలోనే భార్యాభర్తలు సంప్రదించుకోవాలని ఉన్నప్పుడు, ఆ పాలు ఏ చోట, ఏ నీడన పట్టాలో నిర్ణయించే బస విషయంలో నేను ఆమెను ఒక్క మాట కూడా అడగకపోవడం నా తప్పు. నేను దుబారా అనుకున్నది దుబారా కాదు. నేను పొదుపు అనుకున్నది పొదుపు కాదు. కార్ల కిరాయి, ఆసుపత్రి ఖర్చు, వాడుకోని రోజుల అద్దె కలిపి చూస్తే ఆ సంగతి అంకెల్లోనే తేలిపోయింది.

నాలుగు రకాల బసలు

దసరా సెలవుల్లో మళ్లీ వెళ్లాలనుకున్నప్పుడు ఇద్దరం కూర్చొని మాట్లాడుకున్నాం. మా ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది బంధువుల ఇల్లు. మలక్‌పేటలో మా చిన్నమ్మ ఉంటుంది. అక్కడి గంజిలో మిర్చి వ్యాపారం సాగడం వల్ల గుంటూరు వారికి ఆ పేటతో పరిచయాలు ఎక్కువ. బంధువుల ఇంట వండిన భోజనం దొరుకుతుంది, ఆహారం హలాలా కాదా అన్న సందేహం ఉండదు, బిడ్డను ఎత్తుకోవడానికి పది చేతులుంటాయి. రక్త సంబంధాన్ని నిలుపుకోవడం పుణ్యకార్యం కూడా. కాని ఉద్యానానికి దూరం ఎక్కువ. మధ్యాహ్నం తిరిగి రావడం కుదరదు. మరొక సంగతి నా భార్య చెబితే గాని నాకు తట్టలేదు. బంధువుల ఇంట్లో మగవాడు అతిథి. ఆడమనిషి మాత్రం కొంగు బిగించి వంటింట్లోకి వెళ్లవలసిందే. చిన్నమ్మను చూడటానికి వేరే రోజు వెళ్దామని, విహారానికీ చుట్టరికానికీ ఒకే రోజును ముడిపెట్టవద్దని ఇద్దరం అనుకున్నాం. ఆతిథ్యం మూడు రోజులన్న ప్రవక్త (స) బోధను అతిథి కూడా గుర్తుంచుకోవాలి కదా.

రెండవది నగరంలోని లాడ్జి. చార్మినారు, సాలార్జంగ్ మ్యూజియం చూడదలచినవారికి అది అనుకూలం. ఉద్యానం చూడటానికి మాత్రమే వచ్చే గుంటూరు కుటుంబానికి అది చుట్టు తిరుగుడు. ఈ విషయం పటం ముందు పెట్టుకుంటే స్పష్టమైంది. మేము రైలులో ఫిల్మ్ సిటీ ఉన్న దిక్కు నుంచే వచ్చి, దాన్ని దాటి నగరంలోకి పోయి, మరునాడు నలభై కిలోమీటర్లు వెనక్కి వెళ్లాం. రోడ్డు దారిలో పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా నార్కట్‌పల్లి వద్ద జాతీయ రహదారిని అందుకుంటే, చౌటుప్పల్ దాటాక నగరం కంటే ముందే ఫిల్మ్ సిటీ వస్తుంది. మన వైపు నుంచి వచ్చేవారు నగరంలో అడుగుపెట్టవలసిన అవసరమే లేదు.

మూడవది రహదారి వెంబడి, హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ ప్రాంతాల్లో ఉండే హోటళ్లు. వీటిలో అద్దె అందుబాటులో ఉంటుంది, దూరం తక్కువ. అయితే రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, గది రోడ్డు వైపు ఉంటే రాత్రంతా లారీల హోరుకు బిడ్డ నిద్ర చెడుతుంది. రెండు, హోటలు దగ్గరే అయినా ఉద్యానం ప్రధాన ద్వారం నుంచి ఆటలున్న చోటికి లోపల మళ్లీ బస్సు ప్రయాణం ఉంటుంది. ఆ సమయాన్ని కూడా కలిపి లెక్క చూడాలి. మధ్యాహ్నం బయటికి వెళ్లి అదే టికెట్టుతో తిరిగి లోపలికి రావచ్చునో లేదో ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

నాలుగవది ఫిల్మ్ సిటీ ఆవరణలోనే ఉన్న హోటళ్లు. సితార విలాసవంతమైనది. తార మధ్యస్థం. శాంతినికేతన్ తక్కువ ఖర్చులో కుటుంబాలకు ఉద్దేశించినది. సహారా పాఠశాల బృందాల వంటి పెద్ద గుంపులకు సామూహిక వసతి. బస, ప్రవేశ టికెట్టు, భోజనం కలిపి ఒకే మొత్తంగా తీసుకునే ఏర్పాట్లు కూడా ఉంటాయి. అద్దెను మాత్రమే పోల్చి చూస్తే లోపలి గది ఖరీదుగా కనిపిస్తుంది. కిరాయి కార్లు, విడిగా కొనే టికెట్లు, బయటి భోజనాలు కూడి చూస్తే తేడా చాలా తగ్గుతుంది. మూడు రాత్రులకు బదులు రెండు రాత్రులు చాలనుకుంటే మాకు దాదాపు సమానమైంది.

వండర్‌లాకు వెళ్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. 2016లో ప్రారంభమైన ఆ ఉద్యానం ఔటర్ రింగు రోడ్డు పక్కన రావిర్యాలలో ఉంది. శంషాబాదు విమానాశ్రయం వైపున్న హోటళ్లు దానికి దగ్గర. అక్కడ టికెట్టు పిల్లల వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటుంది. పెద్ద ఆటలకు కూడా ఎత్తు నిబంధనలున్నాయి. ఐదేళ్ల పిల్ల ఎక్కగలిగేవి కొన్నే, చంటివాడు ఎక్కగలిగేవి దాదాపు లేవు. నీటి ఆటల్లోకి నూలు బట్టలతో దిగనివ్వరు, నైలాను వంటి వస్త్రాలు ఉండాలి. హయా పాటించే స్త్రీలు తమకు తగిన నిండైన ఈత దుస్తులు అనుమతిస్తారో లేదో ముందుగా విచారించుకోవడం మంచిది. పిల్లలు ఇంకొంచెం ఎదిగాక అక్కడికి వెళ్దామని వాయిదా వేశాం.

గది తీసుకునే ముందు అడగవలసినవి

ఈసారి ఫోను నా భార్య చేతిలో ఉంది. ఆమె అడిగిన ప్రశ్నలు విని నేను ఆశ్చర్యపోయాను. వాటిలో ఒక్కటి కూడా మొదటిసారి నాకు తట్టలేదు.

పసిబిడ్డకు ఊచల మంచం ఇస్తారా? మన ఇళ్లలో బిడ్డలు చీర ఉయ్యాలకు అలవాటుపడతారు. హోటలు గదిలో ఉయ్యాల కట్టడానికి కొక్కెం ఉండదు. ఎత్తైన మంచం మీద దిండ్ల మధ్య పడుకోబెడితే దొర్లి పడే ప్రమాదం, ముఖానికి దిండు అడ్డుపడి ఊపిరాడని ప్రమాదం రెండూ ఉన్నాయి. ఊచల మంచం లేకపోతే నేల మీద పరుపు వేయమని అడగాలి. గట్టి పరుపు మీద, వెల్లకిలా, దిండు లేకుండా పడుకోబెట్టాలి. పిల్లలను వెళ్లడానికి ముందే వారం రోజుల పాటు ఇంట్లో అలా పడుకోవడానికి అలవాటు చేస్తే ఇంకా మంచిది.

గది ఏ అంతస్తులో ఉంది? లిఫ్టు ఉందా? బాల్కనీ ఉంటే తలుపుకు పైన గడియ ఉందా? కిటికీలకు ఊచలున్నాయా? ఐదేళ్ల పిల్ల కుర్చీ లాక్కొని ఎక్కగలదు. వేడినీటి కెటిల్ తీగ పిల్లల చేతికి అందకుండా పెట్టవచ్చా?

స్నానాలగదిలో బకెట్టు, మగ్గు ఉన్నాయా? షవరు కింద పసివాడికి స్నానం చేయించలేం. బిడ్డ మలమూత్రాలు శుభ్రం చేయడానికి, పెద్దల తహారత్‌కు, వజూకు నీటి వసతి సరిగా ఉండాలి. ఉతికిన గుడ్డలు ఆరేసుకోవడానికి చోటుందా? అదనపు దుప్పట్లు ఇస్తారా? నమాజు కోసం జానమాజు మనమే తీసుకెళ్తే పడక గుడ్డల శుభ్రత గురించి సందేహం ఉండదు. మన ప్రాంతం నుంచి ఖిబ్లా పడమర దిక్కున, కొద్దిగా ఉత్తరానికి ఉంటుంది. గదిలోకి వెళ్లగానే సూర్యుణ్ణి చూసో, ఫోనులోని దిక్సూచితోనో ఒకసారి సరిచూసుకుంటే చాలు.

భోజనంలో మాంసం హలాల్ అని స్పష్టంగా చెప్పగలరా? చెప్పలేకపోతే శాకాహారం, గుడ్లు, పెరుగన్నంతో రెండు రోజులు హాయిగా గడిచిపోతాయి. మేము రాగి పిండి, పెసరపప్పు బియ్యం వేయించి పట్టిన ఉగ్గు పిండి, చిన్న ఫ్లాస్కు వెంట తీసుకెళ్లాం. బిడ్డ ఆహారాన్ని లోపలికి అనుమతిస్తారో లేదో కూడా ఆమె ముందే కనుక్కుంది.

ఇక మందుల సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు తప్పనిసరి. పెద్ద పొట్లాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో, చిన్న పొట్లాన్ని 200 మిల్లీలీటర్ల నీటిలో పూర్తిగా కలపాలి. సగం పొట్లం, అరకొర నీళ్లు పనికిరావు. ఎంత నీటికన్నది పొట్లం మీదే రాసి ఉంటుంది. కలిపినదాన్ని 24 గంటల్లోపు వాడాలి. తియ్యని శీతల పానీయాలు దీనికి బదులు కావు. ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు అవసరం లేదు, తల్లిపాలే మాటిమాటికీ పట్టాలి. బిడ్డ ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, కన్నీరు లేకుండా ఏడుస్తున్నా, మాగన్నుగా పడి ఉన్నా ఇంకేమీ ఆలోచించక వైద్యుని వద్దకు వెళ్లాలి. నేను ఆలస్యం చేశాను, మీరు చేయకండి.

రెండవ ప్రయాణం

దసరా సెలవుల్లో అద్దె కారు మాట్లాడుకొని ఫజ్ర్ నమాజు తరువాత బయలుదేరాం. ఊరు దాటాక ప్రయాణపు దుఆ చదివాం. సత్తెనపల్లి దాకా రోడ్డుకు రెండు వైపులా పత్తి, మిర్చి చేలు పచ్చగా ఉన్నాయి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పొగ కనిపించింది. దాచేపల్లి దాటి వాడపల్లి వద్ద కృష్ణానది మీది వంతెన ఎక్కాక అమ్మాయికి నదిని చూపించాను. మిర్యాలగూడలో ఆగి బిడ్డకు జావ పట్టాం. రెండు గంటలకొకసారి ఆగుతూ వెళ్లడం వల్ల మధ్యాహ్నమైంది గాని ఎవరికీ అలసట తెలియలేదు. ఆ రోజు ఉద్యానంలోకి వెళ్లలేదు. గదిలో నిద్రపోయి, సాయంత్రం ఆవరణలో నడిచి, తొందరగా పడుకున్నాం. ప్రయాణపు రోజున టికెట్టు తీసుకోకూడదన్నది కూడా ఆమె సలహాయే.

శాంతినికేతన్‌లో రెండు రాత్రులకు గది తీసుకున్నాం. మరునాడు తొమ్మిదింటికే నలుగురం కలిసి వెళ్లాం. పక్షులను చూశాం, సీతాకోకచిలుకలను చూశాం. పదకొండు గంటలు దాటాక చంటివాడు కళ్లు నులుముకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి వాడికి పదమూడు నెలలు. జావ, పప్పన్నం తింటున్నాడు. నేను వాడిని ఎత్తుకొని గదికి బయలుదేరాను. నా భార్య, పాప ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. ఈ ఏర్పాటు ముందు రాత్రే మాట్లాడుకున్నాం.

గదిలో వాడికి తినిపించి, ఒళ్లు తుడిచి, నేల మీది పరుపుపై పడుకోబెట్టాను. నిద్రపోవడానికి అరగంట పట్టింది. ఏసీని పసిబిడ్డకు చలి వేయనంతగా తగ్గించాను. తరువాత వజూ చేసుకొని జుహ్ర్‌కు నిలబడ్డాను. మేము ప్రయాణికులం గనుక నాలుగు రకాతుల ఫర్జ్ రెండు రకాతులు. హనఫీ మార్గంలో సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణానికి, పదిహేను రోజుల లోపు బసకు ఈ వెసులుబాటు ఉంది. ఇతర మార్గాల వారు తమ ఆలిములను అడిగి పాటించాలి. రెండవ రకాతులో ఉండగా వాడు ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. దైవప్రవక్త (స) సుదీర్ఘంగా నమాజు చేయాలన్న సంకల్పంతో నిలబడి కూడా, పసిబిడ్డ ఏడుపు వినగానే, ఆ తల్లికి కష్టం కలుగుతుందని నమాజును క్లుప్తపరిచేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. మసీదులో ఇమాము చెప్పగా అది చాలాసార్లు విన్నాను. వెనుక నుంచి బిడ్డ ఏడుపు వినిపిస్తుంటే నిలబడటమంటే ఏమిటో ఆ గదిలోనే నాకు తెలిసింది. నా భార్య ఏడాదిగా, అంతకుముందు పాప విషయంలో రెండేళ్లుగా, రోజూ అలాగే నమాజు చేస్తూ వచ్చింది.

సలాము చెప్పి వాడిని భుజాన వేసుకొని గది అంతా తిరిగాను. మళ్లీ పడుకోబెట్టేసరికి చేతులు పీకాయి. కిటికీ బయట ఎండ, లోపల చల్లదనం. వాడు రెండు గంటలు నిద్రపోయాడు. ఆ రెండు గంటల్లో నేను చేసిన పని ఏమీ లేదు. వాడి ఊపిరి వింటూ కూర్చున్నాను.

మూడున్నరకు తల్లీకూతుళ్లు వచ్చారు. అమ్మాయి ఎర్రబస్సు పైఅంతస్తు గురించి చెబుతూ ఊపిరి తీసుకోలేదు. నా భార్య చెప్పులు విడుస్తూ, "తోటల్లో ఇద్దరమే చాలాసేపు నడిచామండీ. పాప నా చెయ్యి వదల్లేదు. తమ్ముడు పుట్టినప్పటి నుంచి నేను దాని చెయ్యి ఖాళీగా పట్టుకొని నడిచింది ఇదే మొదలు" అంది. బిడ్డ లేచి తల్లి వైపు చేతులు చాచాడు. అస్ర్ తరువాత నలుగురం కలిసి మళ్లీ వెళ్లి దీపాలు వెలిగేదాకా ఉన్నాం.

మే నెలలో తప్ప తీరిక దొరకని కుటుంబాలు యార్డులో చాలా ఉన్నాయి. వారికి నా మనవి ఇది. ఉద్యానం తెరవగానే లోపల ఉండండి, పదకొండున్నరకల్లా గదికి చేరండి, నాలుగున్నర దాటాక గాని బయటికి రాకండి. అలా చేయగలిగే చోటే బస తీసుకోండి. వీలుకాకపోతే ఆ ఏడు సూర్యలంకకో, బంధువుల తోటకో ఒక సాయంత్రం వెళ్లి, ఫిల్మ్ సిటీని దసరాకో సంక్రాంతికో వాయిదా వేయండి. పిల్లలు కొద్ది నెలలు ఎదురుచూడగలరు.

గదిని ఖరారు చేసే ముందు, డబ్బు కట్టే ముందు, ఆ బిడ్డకు పాలిచ్చే ఆమెను అడగండి. ఆమెకు మధ్యాహ్నం ఎలా గడుస్తుందో ఆమె చెబుతుంది. మన పిల్లలను, వారి తల్లులను అల్లాహ్ ప్రయాణంలోనూ ఇంటి వద్దనూ తన రక్షణలో ఉంచుగాక. ఆమీన్.